51 పాయింట్లలో మన చేతిలో ఉన్నవెన్ని?

2019 ఆగస్టులో వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ అనే ఆన్‌లైన్ ఆట పాత రూపాన్ని 'క్లాసిక్' పేరుతో మళ్లీ తెచ్చినప్పుడు నేను మేజ్‌ని, అంటే మంత్రగాడి పాత్రని ఎంచుకున్నాను. నిప్పంటే మొదటి నుంచీ మోజు. పాత్ర శక్తులు పెంచుకోవడానికి ఇచ్చే టాలెంట్ పాయింట్లలో సింహభాగం ఫైర్ ట్రీలోనే, అంటే నిప్పు శక్తుల చెట్టులోనే పోశాను. ఆ బిల్డ్, అంటే పాయింట్ల పంపకం, నా సొంత బుర్రలోంచి పుట్టింది కాదు, 'బెస్ట్ ఫైర్ మేజ్' అని ఎవరో పెట్టింది చూసి పాయింటు పొల్లు పోకుండా దించేశాను. లెవల్ 60 అయ్యాక గిల్డ్‌తో (మా ఆటగాళ్ల జట్టు) కలిసి మోల్టెన్ కోర్ రెయిడ్‌కి, అంటే గుంపుగా చేసే దాడికి వెళ్లాం. నలభై మందిమి. చివరి బాస్ రాగ్నరోస్, నడుము దాకా లావాలో మునిగి ఉండే అగ్ని ప్రభువు. నా ఫైర్‌బాల్ తగిలిన ప్రతిసారీ అతని తల మీద డ్యామేజ్ నంబరుకు బదులు 'ఇమ్యూన్' అనే మాట లేచింది. నిప్పుని నిప్పుతో కాల్చబోయాను మరి. ఆ పూటంతా బలం లేని ఫ్రాస్ట్‌బోల్ట్‌లు (చలి మంత్రం) విసురుతూ గడిపాను. డ్యామేజ్ పట్టికలో నా పేరు కోసం కింద నుంచి వెతకాల్సి వచ్చింది.

తమాషా ఏమిటంటే, నేను కాపీ కొట్టిన బిల్డ్‌లో తప్పేమీ లేదు. తర్వాత వచ్చిన కొన్ని పెద్ద రెయిడ్‌లలో మేజ్‌లు మళ్లీ ఫైర్‌కే వెళ్లారు. ఆ బిల్డ్ ఏ పోరాటం కోసం, ఎలాంటి గేర్ (ఆయుధాలు, కవచాలు) ఉన్నవాళ్ల కోసం రాశారో నేను అడగలేదు, అంతే.

బిల్డ్ అనగానే అందరూ ముందు అడిగేది 'ఏది బెస్ట్' అని. నేనైతే వేరేది అడుగుతాను. ఇన్ని పాయింట్లలో నేను నిజంగా నిర్ణయించేవి ఎన్ని? ఈ లెక్క ఒక్కసారి వేసుకుంటే కాపీ కొట్టిన బిల్డ్ కూడా కళ్లకు వేరేగా కనిపిస్తుంది.

క్లాసిక్‌లో లెక్క సులువు. పదో లెవల్ నుంచి లెవల్‌కో పాయింటు చొప్పున 60కి చేరేసరికి 51 వస్తాయి. ప్రతి క్లాస్‌కీ మూడు ట్రీలు. ఒక్కో వరస దిగడానికి ఆ ట్రీలో ఐదేసి పాయింట్లు పడాలి. అట్టడుగున ఉన్న టాలెంట్ కావాలంటే పైన 30 పెట్టి, 31వది దానికివ్వాలి. అందుకే బిల్డ్‌ల పేర్లు కూడా అంకెల్లోనే ఉంటాయి. రాగ్నరోస్ దగ్గర బుద్ధొచ్చాక నేను మారింది 31/0/20కి. అంటే ఆర్కేన్‌లో 31, ఫైర్‌లో సున్నా, ఫ్రాస్ట్‌లో 20.

ఆర్కేన్‌లో 31 దేనికంటే, అట్టడుగున ఉన్న ఆర్కేన్ పవర్ కోసం. అది వాడితే 15 సెకన్ల పాటు డ్యామేజ్ 30 శాతం పెరుగుతుంది, మానా (మంత్రాలకు ఖర్చయ్యే శక్తి) ఖర్చూ 30 శాతం పెరుగుతుంది. మళ్లీ వాడాలంటే మూడు నిమిషాలు ఆగాలి. ఇది కావాలని అనుకున్న క్షణంలోనే 31 పాయింట్లు చేతిలోంచి జారిపోయినట్టే. పై వరసల్లో ఏది తీసుకోవాలన్న చర్చ కొంత ఉంటుంది కానీ చాలావరకు అది దారి ఖర్చు.

ఇక ఫ్రాస్ట్‌లో 20. ఫ్రాస్ట్‌బోల్ట్ త్వరగా పడేలా చేసే టాలెంట్‌కి 5. స్పెల్ (మంత్రం) గురి తప్పకుండా చేసే ఎలిమెంటల్ ప్రెసిషన్‌కి 3. క్రిట్ (అప్పుడప్పుడు పడే పెద్ద దెబ్బ) పడినప్పుడు దెబ్బ పెంచే ఐస్ షార్డ్స్‌కి 5. డ్యామేజ్‌ను ఆరు శాతం పెంచే పియర్సింగ్ ఐస్‌కి 3. ఈ పదహారింటి మీద పెద్దగా వాదన ఉండదు. మిగిలినవి నాలుగు. 51లో నాలుగు!

ఆ నాలుగింటి సంగతికి తర్వాత వస్తాను. వాదన లేదన్న పదహారిలో కూడా ఒకటి దగ్గరగా చూడదగ్గది ఉంది. మామూలుగా ఫ్రాస్ట్‌బోల్ట్ వేయడానికి మూడు సెకన్లు పడుతుంది. పాయింటుకి సెకనులో పదో వంతు తగ్గుతుంది కాబట్టి ఐదు పెడితే రెండున్నర సెకన్లు. నిమిషానికి 20 పడేవి 24 పడతాయి. ఇక్కడ పైకి కనిపించని సంగతి ఒకటుంది. మొదటి పాయింటు వల్ల నిమిషానికి 20 కాస్తా దాదాపు 20.7 అవుతుంది. ఐదో పాయింటు దాన్ని 23.1 నుంచి 24కి తీసుకెళ్తుంది. అంటే ఆఖరి పాయింటు మొదటిదాని కంటే ఎక్కువ ఇస్తోంది. ఇలాంటి టాలెంట్‌ని మూడు పాయింట్ల దగ్గర ఆపేసి రెండు వేరే చోట పెట్టడం పొదుపులా కనిపించే దండగ. పెడితే ఐదూ పెట్టాలి. పైగా నిమిషానికి నాలుగు స్పెల్స్ ఎక్కువ పడితే నాలుగు స్పెల్స్ మానా కూడా ఎక్కువ కరిగిపోతుంది. పాయింటు పెట్టిన చోట లాభం, పెట్టని చోట ఖర్చు.

ఎలిమెంటల్ ప్రెసిషన్ లెక్క దీనికి పూర్తిగా తలకిందులు. మనకంటే మూడు లెవల్స్ పైనున్న రెయిడ్ బాస్ మీద వందకి 17 స్పెల్స్ గురి తప్పుతాయి. అందులో ఒక్క శాతం మాత్రం ఏం చేసినా పోదు. మిగతా 16 శాతాన్ని పూడ్చుకోవచ్చు. టాలెంట్ ఆరు ఇస్తుంది, మిగతా పది గేర్ నుంచి రావాలి. 16 దాటాక ఒక్క శాతం ఎక్కువైనా బూడిదలో పోసిన పన్నీరే. అంటే మూడు పాయింట్ల విలువ మనం తొడుక్కున్న గేర్‌ని బట్టి మారిపోతోంది. ఇది బిల్డ్ బొమ్మలో కనపడదు.

ఊహకి ఒకటి తీసుకుందాం. పేరున్న ఆటగాడి దగ్గర ఏళ్ల తరబడి పోగేసిన గేర్ ఉంది, గురి లోటు దానితోనే తీరిపోయింది. అతను ఆ మూడు పాయింట్లు తీసేసి ఇంకో చోట పెట్టాడు. అతనికది తెలివైన పని. నిన్నగాక మొన్న 60కి వచ్చినవాడు అదే బిల్డ్ దించుకుంటే వందలో పదిహేడు దాకా స్పెల్స్ గాల్లో కలుస్తాయి. పులిని చూసి నక్క వాత పెట్టుకున్నట్టు అనే సామెత ఉంది మనకి. అచ్చంగా దీనికే సరిపోతుంది. కాపీ కొట్టడం నేరమేం కాదు. నేనూ కొడతాను. కానీ ఆ బిల్డ్ రాసినవాడి ఒంటి మీద ఏముందో చూడకుండా కొట్టడమే చిక్కు.

గుంపు ఆటలో ఇంకో మెలిక ఉంటుంది. ఫ్రాస్ట్ ట్రీలో వింటర్స్ చిల్ అని ఒక టాలెంట్ ఉంది. ఫ్రాస్ట్ దెబ్బలు తగిలేకొద్దీ బాస్ మీద పొరలు పొరలుగా చలి పేరుకుంటుంది. ఒక్కో పొర ఫ్రాస్ట్ స్పెల్స్ క్రిట్ అవకాశాన్ని రెండు శాతం పెంచుతుంది. ఐదు పొరలకి పది శాతం. ఈ పది శాతం పొరలు పేర్చినవాడికే కాదు, రెయిడ్‌లో ఉన్న ప్రతి ఫ్రాస్ట్ మేజ్‌కీ అందుతుంది. కాబట్టి ఎనిమిది మంది మేజ్‌లు ఉంటే ఒకరిద్దరు ఆ భారం మోస్తే చాలు, మిగతావాళ్లు ఆర్కేన్ పవర్ తీసుకోవచ్చు. మోసినవాడి పేరు పట్టికలో కిందుంటుంది. పట్టిక చూసి అతణ్ని వెక్కిరించేవాళ్లు ఎప్పుడూ ఉంటారు, వాళ్ల క్రిట్‌లలో కొన్ని అతను పెట్టిన భిక్షేనని వాళ్లకు తెలియదు. ఈ పని ఎవరు చేయాలన్నది ఏ బిల్డ్ కాలిక్యులేటరూ చెప్పదు. గిల్డ్‌లో కూర్చుని మాట్లాడుకోవాలి.

లెక్కలు తేల్చే సాధనాలు లేక కాదు. సిమ్యులేషన్‌క్రాఫ్ట్ లాంటివి మన పాత్రను తీసుకుని ఒకే పోరాటాన్ని వేల సార్లు ఆడించి సగటు చెబుతాయి. వాటి మీద నాకు గౌరవమే. కాకపోతే అందులో మామూలుగా ఆడించే పోరాటం పేరు ప్యాచ్‌వర్క్. నాక్స్‌రమస్ రెయిడ్‌లో నిలబడ్డ చోట నిలబడి కొట్టించుకునే బాస్ పేరే దానికి పెట్టారు. అంటే ఎవరూ పరిగెత్తరు, సుమారు ఐదు నిమిషాలు కదలకుండా కొడుతూనే ఉంటారు. నిజం రెయిడ్‌లో మేజ్ సగం సమయం కాళ్ల కింద మంట నుంచి పారిపోతూ ఉంటాడు. సిమ్‌లో (అలాంటి సాధనం లెక్కలో) రెండు శాతం తక్కువ చూపించిన టాలెంట్ వల్ల ఇంకో పది సెకన్లు బతికామనుకోండి, ఆ రెండు శాతం ఎప్పుడో వసూలైపోయింది. చచ్చినవాడి డ్యామేజ్ సున్నా.

ఇవన్నీ ఆఖరి లెవల్ చేరాక ఉండే చింతలు. కాలిక్యులేటర్ తెరవగానే మనం చూసేది పూర్తయిన బొమ్మ. ఆడేది మాత్రం సగం కట్టిన ఇంట్లో. పాయింట్లు పెట్టే వరస గురించి చాలా బిల్డ్‌లు ఒక్క ముక్క చెప్పవు. పాత్ ఆఫ్ ఎక్సైల్ అనే ఇంకో ఆటలో ఇది మరీ ఎక్కువ. అందులో క్లాసులన్నిటికీ కలిపి ఒకటే చెట్టు, 1300కి పైగా గుబ్బలు (పాయింట్లు పెట్టే చోట్లు). క్లాసుని బట్టి మారేది మొదలుపెట్టే చోటు మాత్రమే. చివరి దాకా ఆడినా చేతికొచ్చేవి సుమారు 120 పాయింట్లు. మంచి గుబ్బల గుంపు ఒకటి దూరాన కనిపిస్తుంది. అక్కడికి వెళ్లే దారిలో తగిలేవన్నీ బలమో తెలివో పది పెంచే చిల్లర గుబ్బలు. ఆరు చిల్లర దాటితే గానీ ఒక మంచిది దొరకదు. 95వ లెవల్ బొమ్మలో ఆ దారి దర్జాగా కనిపిస్తుంది. 60వ లెవల్‌లో దారి సగంలో నిలబడ్డప్పుడు ప్రాణం లేదు, డ్యామేజ్ లేదు, ఒకటే టెన్షన్. నేనైతే ముందు ఊపిరి నిలిపే పాయింట్లు పెట్టి, ఆ దూరపు గుంపును తర్వాతికి వదిలేస్తాను. దానివల్ల వెనక్కి తీసుకోవాల్సిన పాయింట్లు నాలుగైదు ఉంటాయి. ఆ ఆటలో దానికి వాడే వస్తువు ఆర్బ్ ఆఫ్ రిగ్రెట్, అంటే పశ్చాత్తాప గోళం. పేరు ఎవరు పెట్టారో గానీ బాగా పెట్టారు.

వెనక్కి తీసుకునే వీలే లేని రోజులు కూడా ఉండేవి. డయాబ్లో 2 అనే ఆట వచ్చింది 2000 జూన్‌లో. పెట్టిన స్కిల్ పాయింట్లు తిరిగి తీసుకునే సౌకర్యం 2010లో 1.13 ప్యాచ్‌తో గానీ రాలేదు. ఆ పదేళ్లూ ఆటగాళ్లు 30వ లెవల్‌లో తెరుచుకునే స్కిల్ కోసం పాయింట్లు దాచుకుని, అంతవరకు బలహీనమైన పాత్రతో ఈడ్చుకుంటూ వచ్చేవాళ్లు. అంతా చలి స్పెల్స్‌లోనే పోసిన సోర్సరెస్‌కి (మంత్రగత్తె) చివరి కష్టస్థాయి హెల్‌కి చేరాక చలి తగలని రాక్షసులు ఎదురయ్యేవాళ్లు. అప్పుడు చేయగలిగింది రెండే, పక్కకి తప్పుకోవడం లేదా కొత్త పాత్రతో మొదటి నుంచి మొదలుపెట్టడం. ఆ కాఠిన్యంలో ఒక మజా ఉందనేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. నాకు మాత్రం అది శిక్షలాగే కనిపిస్తుంది. తప్పు చేస్తే వంద గంటలు పోతాయన్న భయం ఉన్నప్పుడు ఎవరైనా ప్రయోగం చేస్తారా? కాపీయే కొడతారు.

వార్‌క్రాఫ్ట్ మధ్యేమార్గం పట్టింది. క్లాసిక్‌లో బిల్డ్ మార్చడానికి మొదటిసారి ఒక గోల్డ్, తర్వాత ఐదు, పది, అలా ఐదేసి పెరుగుతూ 50 దగ్గర ఆగుతుంది. రెయిడ్‌లో ట్యాంక్‌గా (ముందుండి దెబ్బలు కాచేవాడిగా) నిలబడి మిగతా రోజుల్లో వేరే ఆటగాళ్లతో పోట్లాడే వారియర్‌కి వారానికి రెండుసార్లు ఈ ఖర్చు తగిలేది. అసలు ఆటలో 2009లో 1000 గోల్డ్ కడితే రెండు బిల్డ్‌లు పక్కపక్కన పెట్టుకునే సౌకర్యం వచ్చింది. 2012లో మిస్ట్స్ ఆఫ్ పాండారియా అనే విస్తరణతో ఆట తయారుచేసిన బ్లిజార్డ్ కంపెనీ ట్రీలనే పీకేసి, 15 లెవల్స్‌కోసారి మూడింటిలో ఒకటి ఎంచుకోమంది. ఎలాగూ అందరూ ఒకే బిల్డ్ దించుకుంటున్నారు, ఇంక ఇన్ని పాయింట్లు ఎందుకన్నది వాళ్ల వాదన. సగం నిజమే. నా నాలుగు పాయింట్ల లెక్క చెప్పేదీ అదే. కానీ మిగతా 47 కూడా ఊరికే లేవు. లెవల్ పెరిగిన ప్రతిసారీ ఒక పాయింటు చేతిలో పడటం, దాన్ని ఎక్కడో పెట్టడం, వెంటనే స్పెల్ కాస్త వేగంగా పడటం. ఆ చిన్న ఆనందం 15 లెవల్స్‌కోసారి వచ్చే పెద్ద నిర్ణయంలో లేదు. పదేళ్ల తర్వాత, 2022 నవంబర్‌లో డ్రాగన్‌ఫ్లైట్ విస్తరణతో ట్రీలు తిరిగొచ్చాయి. 70వ లెవల్‌కి క్లాస్ ట్రీలో 31, స్పెషలైజేషన్ ట్రీలో 30. మార్చుకోవడం ఉచితం. దాంతోపాటే బిల్డ్ మొత్తాన్ని అక్షరాల గొలుసుగా మార్చి ఒక్క పేస్ట్‌తో దించుకునే వీలు కూడా ఇచ్చారు. చెట్టు నాటి, పక్కనే నిచ్చెన కూడా వేశారన్నమాట. ఇందులో నాకు ఫిర్యాదు లేదు. మార్చడం ఉచితమైనప్పుడు దించుకున్న బిల్డ్‌లో రెండు పాయింట్లు అటూ ఇటూ జరిపి చూడటానికి ఎవరికీ భయం ఉండదు.

ఇక నా నాలుగు పాయింట్లు. చాలామంది మూడింటిని ఫ్రాస్ట్ చానలింగ్‌లో పెడతారు, మానా ఖర్చు 15 శాతం తగ్గుతుంది. నాలుగోది కోల్డ్ స్నాప్‌కో ఇంకోదానికో పోతుంది. నేను రెండు తీసి ఆర్కిటిక్ రీచ్‌లో పెట్టాను. దానితో ఫ్రాస్ట్‌బోల్ట్ 30 గజాల నుంచి 36 గజాలకు వెళ్తుంది. సిమ్‌లో దాని విలువ సున్నా, కదలని బాస్‌కి ఆరు గజాలు ఎందుకు? కానీ మా రెయిడ్‌లో బారన్ గెడాన్ (మోల్టెన్ కోర్‌లోని ఇంకో బాస్) ఎవరి మీదో బాంబు పెట్టినప్పుడల్లా ఆ మనిషి కంగారులో సరిగ్గా మేజ్‌ల వైపే పరిగెత్తేవాడు. ఆరు గజాలు వెనక నిలబడ్డవాణ్ని నేనొక్కణ్నే. నా మానా అయిపోయిన రోజున ఆ రెండు పాయింట్లూ మళ్లీ ఫ్రాస్ట్ చానలింగ్‌కి మార్చాను, 50 గోల్డ్ కట్టి. తర్వాతి వారం మళ్లీ వెనక్కి.