కారు డిక్కీ గారికి ఒక బహిరంగ లేఖ

మహారాజశ్రీ మా బావగారి కారు డిక్కీ గారికి,

ఉభయకుశలోపరి. అందరం ప్రాణాలతోనే ఇల్లు చేరాం. అందులో తమరి గొప్పతనం ఏమీ లేదు. చిలకపాలెం దాటాక వెనక లైటు కూడా లేకుండా రోడ్డు వార ఆగి ఉన్న లారీ, మా అప్ప పెట్టిన కేకకి బావగారి కళ్లలో పడింది కాబట్టి చేరాం, అంతే.

మొన్న శ్రీకాకుళం పెళ్లిలో తమరు చేసిన సేవ చూశాక ఈ ఉత్తరం రాయకుండా ఉండలేకపోతున్నాను. లోపల పురోహితుడు ముహూర్తం దాటిపోతోందని గోల పెడుతుంటే, మండపం వెనక జనరేటర్ పక్కన తమరు నోరంతా తెరిచి నిలబడ్డారు. స్టెప్నీ మీద పేపరు పరిచి డిస్పోజబుల్ గ్లాసులు, పలాస జీడిపప్పు, ఎవరో వంటవాళ్లని బతిమాలి తెచ్చిన మంచూరియా. చుట్టూ బావగారు, ఆయన తమ్ముడు, పెళ్లికూతురి మేనమామ, పెళ్లి ఎవరిదో కూడా సరిగ్గా తెలియని మరో ఇద్దరు. కలుపుకోవడానికి నీళ్లు తక్కువైతే తమరి మూలన చంటోడి స్కూలు బాటిల్ దొరికింది. మూత మీద ఏనుగు బొమ్మ ఉంటుంది చూడండి, అదే. ఆ ఏనుగు తొండంలోంచే అందరి గ్లాసుల్లోకీ నీళ్లు పోశారు. తర్వాత కారెక్కాక వాడు "నాన్నా, నా బాటిల్లో నీళ్లేవి?" అనడిగితే "ఇంటికెళ్లాక తాగుదువులే" అన్నాడాయన. ఆయన మాత్రం ఇంటికెళ్లే దాకా ఆగలేదు.

సరే, మగాళ్లన్నాక పెళ్లిళ్లలో ఏదో పుచ్చుకుంటారు, ఆ గొడవ ఈ ఉత్తరంలో వద్దు. నా బాధంతా తాళం గురించి.

మా అప్పకి లైసెన్సు ఉంది. రోజూ విజయనగరంలో పిల్లల్ని స్కూలుకి దింపేది అదే, కోట దగ్గర ఆ ఆటోల మధ్య, ఆ ఎద్దుల మధ్య తోలేది అదే. ఆ రాత్రి అది తాగింది గ్లాసుడు మజ్జిగ. చెయ్యి చాపి తాళం అడిగింది. మెల్లగానే అడిగింది. బావ నవ్వి, తాళం జేబులో వేసుకుని, జేబు మీద చెయ్యి పెట్టుకుని, "ఏటవుద్ది? నానేటి కొత్తగా తోల్తన్నానేటి?" అన్నాడు. పక్కనున్న వాళ్లంతా నవ్వారు. మా పెద్దమ్మయితే "నలుగురిలో మొగుడి పరువు తీస్తావేటే, ఊరుకో" అంది. పిల్లల్ని మాతో పాటు బస్సులో పంపమన్నాను, ఎవరో చచ్చిపోయినట్టు అంతా నా వంక చూశారు. "మరదలా, బయమైతే కళ్లు మూసుకుని కూచో" అన్నాడు బావ. పెళ్లాం పక్క సీట్లో ఖాళీగా కూచోవాలి, కళ్లు ఎర్రబడ్డాయన స్టీరింగు పట్టుకోవాలి, ఇదీ పరువు. డ్రైవింగ్ స్కూల్లో ఫీజు కట్టి ఆయనే నేర్పించాడు దానికి! పగలు పనికొచ్చిన లైసెన్సు రాత్రి పదింటికి, సరిగ్గా పనిపడ్డ గంటకి, చెల్లకుండా పోయింది.

ఇంతకంటే ఘోరం ఏంటంటే, దారిలో ఫోన్లు. "నాతవలస దగ్గర ఉన్నార్రా? ఊదిస్తన్నారా?" అని ముందు బండిలో పోయిన తమ్ముణ్ణి అడుగుతున్నాడు. ఆ ఫోను కూడా ఒక చేత్తో పట్టుకునే లెండి. అవతలి నుంచి తమ్ముడి సలహా: "ఏం పర్లేదన్నయ్యా, వెనక పిల్లలు పడుకున్నారు కదా, ఫ్యామిలీ బండి ఎవడూ ఆపడు." వింటున్నారా డిక్కీ గారూ? లారీకి భయం లేదు, పోలీసుకి భయం. ఆ పోలీసుని దాటడానికి వెనక సీట్లో నిద్రపోతున్న పిల్లలు గేట్ పాసు. భార్యకి తాళం ఇవ్వడు, ఆవిణ్ణీ పిల్లల్నీ చూపించి గేటు దాటుతాడు. ఇంకోమాట అంటే నా నోటికి రాని తిట్లు వస్తాయి.

చట్టం తెలియని మనుషులైతే పోనీ అనుకోవచ్చు. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 185 ప్రకారం 100 మిల్లీలీటర్ల రక్తంలో ఆల్కహాలు 30 మిల్లీగ్రాములు దాటితే మొదటిసారికే 10,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదంటే రెండూ. తమరి దగ్గర నిలబడే ప్రతివాడికీ ఈ అంకెలన్నీ కంఠతా వచ్చు, క్రికెట్ స్కోరు చెప్పినట్టు చెబుతారు. అయితే ఆ సెక్షన్లో బండిలో పిల్లలున్నారా లేదా అన్న మాటే లేదు. న్యూయార్క్ రాష్ట్రంలో 2009లో ఇలాంటి బండిలోనే పదకొండేళ్ల పిల్ల పోయాక, ఆమె పేరు మీదే లియాండ్రా చట్టం తెచ్చారు. పదహారేళ్లు నిండని పిల్లల్ని ఎక్కించుకుని తాగి నడిపితే మొదటి తప్పుకే పెద్ద నేరం కింద కేసు, నాలుగేళ్ల దాకా జైలు. ఇక్కడేమో పిల్లలుంటే మర్యాదగా చెయ్యూపి పంపేస్తారని ధీమా.

తమరి డాక్టర్ల బృందానికి ఒక విన్నపం. మజ్జిగ తాగితే దిగిపోదు. నిమ్మకాయ నాకితే దిగదు, కాఫీ తాగితే నిద్ర ఎగురుతుందేమో గానీ మత్తు అక్కడే ఉంటుంది. లివర్ తన తీరికలో తాను కరిగిస్తుంది, గంటలు పడుతుంది, తొందరపెడితే వినదు. యాలక్కాయ నోటి వాసనకే, ఊదేది ఊపిరితిత్తుల్లోంచి.

అన్నట్టు, మూడేళ్ల పిల్లని ఒళ్లో కూచోబెట్టుకుని "చూడు, నా కూతురే తోలుతోంది" అని వీడియో తీయించుకున్న మేనమామ గారికి కూడా నమస్కారం చెప్పండి. ఎయిర్‌బ్యాగ్ తెరుచుకుంటే ముందు తగిలేది ఆ పిల్లకే. మా పైడితల్లమ్మ జాతర సిరిమానోత్సవం రాత్రి పెట్రోలు ట్యాంకు మీద ఒకణ్ణి, వెనక ఇద్దర్ని వేసుకుని తూలుతూ పోయిన బైకు నాన్నల గురించి వేరే ఉత్తరం రాస్తాను.

ఇప్పటిదాకా మర్యాదగా రాశాను. ఇక చాలు. ఒరేయ్ డిక్కీ, నీకు పెట్టిన పని సామాన్లు మొయ్యడం. నీ మూతకీ ఆ పిల్లల తలలకీ మధ్య ఉన్నది ఒక్క సీటు దూరం. చంటోడు సీటు బెల్టు లేకుండా నీ వైపు తల పెట్టి పడుకున్నాడు, నీలో ఖాళీ సీసాలు దారి పొడుగునా గలగలమంటూనే ఉన్నాయి. ఆ మోతకి వాడు లేచి "అమ్మా, ఏంటది?" అంటే అది "పెళ్లి సామాన్లు నాన్నా, పడుకో" అంది. ఐదేళ్ల వాడికి అబద్ధం చెప్పాల్సొచ్చింది దానికి, ఎవడో నీ దగ్గర సరదా పడ్డందుకు.

వచ్చే నెల రాజాంలో గృహప్రవేశం ఉంది. అప్పుడూ నువ్వు తెరుచుకుంటావు, జీడిపప్పు వస్తుంది, అన్నీ తెలుసు. నీకు తెలియనిది ఒకటుంది. షోరూంలో కారుతో పాటు ఇచ్చిన రెండో తాళం బీరువాలో ఇన్నాళ్లూ మూలుగుతోంది. మొన్నటి నుంచి అది మా అప్ప హ్యాండ్‌బ్యాగ్‌లో ఉంది. భోజనాలవగానే పిల్లల్ని ఎక్కించుకుని అది స్టార్ట్ చేస్తుంది, నేను నీ మూత వేస్తాను. మీద గ్లాసులుంటే ఎవరి గ్లాసు వాళ్లు తీసుకోవాలి. బావగారు తెల్లారి మొదటి ఆర్టీసీ బస్సుకి రావచ్చు.

ఇట్లు,
కళ్లు మూసుకోని మరదలు
విజయనగరం