పాత వర్షన్‌కు సెలైన్ పెట్టండి

ఓపెన్ సోర్స్ ప్రాజెక్టులు, అంటే కోడ్ అందరి ముందూ తెరిచిపెట్టే సాఫ్ట్‌వేర్లు, నడిపేవాళ్లకు పాత వర్షన్ల మీద కనికరం లేదని చాలా రోజులుగా అనుమానం, ఇప్పుడు ఆధారాలతో సహా చెబుతున్నాను. పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషలో 2.7 వర్షన్ సంగతే చూడండి. 2010 జులైలో వచ్చింది, దానికి మరమ్మతులు 2015లో ఆపేస్తామన్నారు, జనం ఇంకా కదల్లేదని 2020 జనవరి 1 దాకా పొడిగించారు. అంటే ఐదేళ్లకు పైగా ముందే చెప్పి, చెప్పిన రోజుకే ఆపేశారు. ఇంత హఠాత్తుగా ఎవరైనా చేస్తారా?

మిర్యాలగూడ దగ్గర ఒక రైస్ మిల్లు అనుకోండి. ధరంకాంటా పక్కన రేకుల గది, అందులో ఊక దుమ్ము కప్పుకున్న కంప్యూటర్, దాంట్లో సెంటోస్ 7 అనే లైనక్స్ ఆపరేటింగ్ సిస్టమ్, దాని మీద ఎవరో ఇంజనీరింగ్ పిల్లగాడు పైథాన్ 2.7లో రాసిచ్చి హైదరాబాద్ వెళ్లిపోయిన ప్రోగ్రాం. లారీ ఎక్కుతుంది, తూకం పడుతుంది, చీటీ వస్తుంది. అప్‌గ్రేడ్ చేద్దామా అంటే సేటు "మంచిగనే నడుస్తుంది గదా, దాన్నెందుకు కదిలిస్తవ్?" అంటాడు. ఈ ప్రశ్నకు ప్రపంచంలో ఏ మెయింటైనర్ (ప్రాజెక్టును చూసుకునేవాడు) దగ్గరా జవాబు లేదు. అయినా 2024 జూన్ 30న సెంటోస్ 7కు కూడా నూకలు చెల్లాయని ప్రకటించేశారు.

వాళ్ల గోడు కూడా విందాం, న్యాయం న్యాయమే. ఒక లోపం బయటపడితే కొత్త కోడ్‌లో సరిచేసి ఊరుకుంటే కుదరదట. బతికున్న ప్రతి పాత బ్రాంచ్‌లోకీ (పాత వర్షన్ కోసం విడిగా నడిపే కోడ్) ఆ ప్యాచ్, అంటే ఆ సవరణ, ఎక్కించాలి, తీరా చూస్తే అక్కడ ఆ ఫైలే ఉండదు, ఉన్నా ఫంక్షన్ వేరేగా ఉంటుంది, అతికేలా మళ్లీ రాయాలి, పాత కంపైలర్లు, పాత లైబ్రరీలు వెతికి పట్టుకొచ్చి టెస్టులన్నీ మళ్లీ నడపాలి. ఇదంతా చేసేది చాలాచోట్ల ఇద్దరో ముగ్గురో, అదీ ఉద్యోగం నుంచి ఇంటికొచ్చాక. అయితే ఏంటి? రాత్రిపూట ఖాళీయే కదా.

లైనక్స్‌కు గుండెకాయ లాంటి కర్నల్‌ను నడిపేవాళ్లయితే మరీ. దీర్ఘకాలిక వర్షన్లను ఆరేళ్లు చూస్తామని 2017లో మాటిచ్చి, 2023లో మళ్లీ రెండేళ్లకే తగ్గిస్తామన్నారు. అంత పాతవి వాడేవాళ్లు పెద్దగా లేరట. మరి మేమెవరం? మేం వాడుతున్నట్టు వాళ్లకు ఎప్పుడూ చెప్పలేదు, ఒక్క బగ్ రిపోర్ట్ పంపలేదు, ఒక్క రిలీజ్ టెస్ట్ చెయ్యలేదు, నిజమే. మౌనంగా అభిమానించేవాళ్లను లెక్కలోకి తీసుకోరా?

ఒకసారి మహబూబ్‌నగర్ వచ్చి పిల్లలమర్రిని చూడమనండి. ఏడు వందల ఏళ్ల నాటిదంటారు. 2017 చివర్లో పెద్ద కొమ్మ విరిగిపడింది, చూస్తే చెదలు. చెట్టు పాతబడింది, ఇక సపోర్ట్ లేదు అన్నారా? చెదల మందు కలిపి సెలైన్ సీసాలు వేలాడదీసి చుక్క చుక్క ఎక్కించారు, బరువుకు వాలిన కొమ్మల కింద దిమ్మెలు కట్టించారు. ఏడు వందల ఏళ్ల మర్రికి చేసినది పదేళ్ల వర్షన్‌కు చెయ్యలేరా? (బాగయ్యేదాకా జనాన్ని లోపలికి రానివ్వలేదు, కానీ ఆ విషయం ఇక్కడ అప్రస్తుతం.)

డబ్బు కడితే పాతవాటికి ఇంకొన్నేళ్లు ప్యాచ్‌లు ఇచ్చే కంపెనీలున్నాయి, ఉబుంటు అనే ఇంకో లైనక్స్ వాళ్లు ఐదేళ్ల తర్వాత అదే పని చేస్తారు. డబ్బా! ఓపెన్ సోర్స్‌లో ఆ మాట ఎత్తడమే తప్పు.

అన్నిటికంటే పెద్ద అవమానం ఇంకోటుంది. "కోడ్ మీ ముందే ఉంది, లైసెన్స్ ఒప్పుకుంటుంది, కావాలంటే ఆ బ్రాంచ్ మీరే నడుపుకోండి" అంటారు. నల్లగొండలో ఈ పని తెలిసిన ఒక తమ్ముడికి నా బాధంతా చెప్పుకుంటే వాడూ అదే పాట: "అన్నా, ఇంత ప్రేముంటే ఒక బ్రాంచ్ నువ్వే తీసుకో, నెలకొక ప్యాచ్ ఎక్కియ్యి, నేను నేర్పిస్త."

ఈ నెలంతా పెళ్లిళ్లే ఉన్నాయి, తర్వాత చూద్దామన్నాను.