గదిలో పెట్టి గడియ వేస్తే మానిపించినట్టు కాదు

మా పెద్దమ్మ కొడుకు బండి మీద నుంచి పడి నడుం నొప్పితో వెళ్తే, డాక్టరు పది రోజులకు ట్రమడాల్, పారాసిటమాల్ కలిసిన నొప్పి మాత్ర రాశారు. మెడికల్ షాపతను మొదటి రెండుసార్లు చీటీ అడిగాడు, ఆ తర్వాత మావాడి ముఖం చూడగానే స్ట్రిప్పు తీసిచ్చేవాడు. రోజుకు రెండు మాత్రలు రెండేళ్లలో పన్నెండయ్యాయి. నొప్పి ఎప్పుడో తగ్గిందట, మాత్ర పడకపోతే మంచం దిగలేకపోవడమే మిగిలింది. దానితోపాటు రోజూ నాలుగు గ్రాముల దాకా పారాసిటమాల్ కూడా లోపలికి వెళ్తోందని, అది లివర్‌కి ప్రమాదమని ఎవరికీ తట్టలేదు.

విషయం బయటపడ్డ రోజు ఇంట్లోవాళ్లు చేసింది చాలామంది చేసేదే. స్ట్రిప్పులు పారేశారు, ఫోన్ లాక్కున్నారు, మేడ మీద గదిలో పెట్టి గడియ వేశారు. రెండోరోజుకి ఆగని ఆవలింతలు, ముక్కూ కళ్లూ కారడం, ఒళ్లంతా గగుర్పాటు, విరేచనాలు. పెద్దమ్మ జలుబు జ్వరం అనుకుని మిరియాల కషాయం కాచింది. రాత్రికి అరచేతుల్లో చీమలు పాకుతున్నాయని, గోడ పక్కన ఎవరో నిలబడ్డారని వాడు అరవడం మొదలుపెట్టాక గానీ ఆసుపత్రి గుర్తుకు రాలేదు.

ట్రమడాల్‌తో వచ్చే చిక్కే అది. మార్ఫిన్ కుటుంబం మందులా నొప్పిని అణచడమే కాదు, డిప్రెషన్ మందుల్లా మెదడులో సెరటోనిన్‌నీ కదిలిస్తుంది. ఠక్కున ఆపితే రెండు వైపుల నుంచీ తిరగబడుతుంది. కొందరిలో భయం, భ్రమలు, తిమ్మిర్లు దాకా పోతుంది. దాంతోపాటు నిద్రమాత్రలు కూడా వేసుకునేవాళ్లయితే అవి ఒక్కసారిగా ఆగినప్పుడు ఫిట్స్ రావచ్చు, అందుకే సైకియాట్రిస్టు మొదట అడిగేది ‘ఇంకేం వేసుకుంటున్నావు, ఆఖరి మాత్ర ఎన్నింటికి’ అని.

ఆ టైము ఎందుకంటే, ఈ బాధను అదుపు చేసే బ్యుప్రినార్ఫిన్ అనే మందు నాలుక కింద పెట్టాలంటే ముందు విత్‌డ్రాయల్, అంటే మాత్ర ఆగినందుకు ఒళ్లు తిరగబడడం, కొంత మొదలై ఉండాలి. పాత మందు ఇంకా ఒంట్లో పనిచేస్తుండగానే తొందరపడి పెడితే దాన్ని నెట్టేసి, రాబోయే బాధంతా గంటలో మీద పడేస్తుంది. అందుకని నాడి, కనుపాప, చెమట, ఆవలింతలు చూసి మార్కులు వేస్తారు, అవి తగినంత పెరిగాకే మొదటి డోసు. ఈ లెక్క యూట్యూబ్ చూసి ఇంట్లో కట్టేది కాదు. డాక్టరూ సైకియాట్రిస్టూ లేకుండా గొలుసులతో, దెబ్బలతో ‘మానిపించే’ కేంద్రాలు కట్టేది అంతకన్నా కాదు. చేర్పించే ముందు మెంటల్ హెల్త్‌కేర్ చట్టం కింద రిజిస్ట్రేషన్ ఉందా అని అడగడం తప్పేమీ కాదు.

నాకు అసలు పేచీ ఇక్కడే. వారం, పది రోజుల్లో ఒళ్లు తేరుకోగానే ‘క్లీన్ అయిపోయాడు’ అని స్వీట్లు పంచి ఇంటికి తెచ్చేస్తాం. కానీ డీటాక్స్, అంటే ఒంట్లోంచి మందు దింపడం, అయ్యాక ఒంటికి పాత అలవాటు పోయి ఉంటుంది. మళ్లీ మనసు లాగి పాత లెక్కలోనే మింగితే, నిన్నటిదాకా తట్టుకున్న డోసే ఊపిరి ఆపేయగలదు. తర్వాత నెలల తరబడి మందూ కౌన్సెలింగూ కొనసాగించకుండా ఉత్త డీటాక్స్ చేయించడం ఒక్కోసారి చేయించకపోవడం కన్నా ప్రమాదం. ఈ మాట చాలామందికి రుచించదు, మా పెదనాన్నకీ రుచించలేదు.

ఇదేదో మావాడొక్కడి కథ కూడా కాదు. కేంద్ర సామాజిక న్యాయ శాఖ కోసం ఎయిమ్స్ చేసి, 2019లో బయటపెట్టిన జాతీయ సర్వేలో హెరాయిన్ వాడేవాళ్లు 1.14 శాతం అయితే, ట్రమడాల్ లాంటి మార్ఫిన్ కోవ ఫార్మా మందులు వాడేవాళ్లు 0.96 శాతం. అంటే మందుల షాపు కౌంటరు హెరాయిన్‌కి పెద్ద దూరంలో లేదు. 2018 ఏప్రిల్‌లో ట్రమడాల్‌ని మత్తుమందులను అదుపు చేసే ఎన్‌డీపీఎస్ చట్టంలోకి తెచ్చారు, దాంతో చాలాచోట్ల వాడకం అదే కోవకు చెందిన టపెంటడాల్ అనే నొప్పి మాత్ర వైపు జరిగింది. మాత్ర మీద తాళం వేస్తూ పోతే పక్క మాత్ర దొరుకుతూనే ఉంటుంది. పైగా భయంకొద్దీ బిగిస్తే దెబ్బతినేది క్యాన్సర్ రోగులు. వాళ్లకు మార్ఫిన్ దొరకడం సులువు చేయడానికే 2014లో ఆ చట్టాన్ని సవరించాల్సి వచ్చింది.

పోలీసు కేసవుతుందని దాచిపెట్టేవాళ్లకు ఒక మాట. తనంతట తాను చికిత్సకు వచ్చిన వ్యసనపరుడికి, సొంత వాడకం, చిన్న మోతాదు కేసుల్లో ప్రాసిక్యూషన్ నుంచి రక్షణ అదే చట్టం 64ఎ సెక్షన్‌లో ఉంది. వ్యసనం మానడానికి సాయం చేసే జాతీయ హెల్ప్‌లైన్ 14446కి ఫోన్ చేయడానికి డబ్బులు కూడా పడవు.

మావాడు ఇప్పటికీ పొద్దున్నే నాలుక కింద మాత్ర పెట్టుకుంటాడు. పోయిన నెల పన్ను తీయించుకోవడానికి వెళ్లి, కుర్చీలో కూర్చోకముందే తను వాడే మందు పేరు చెప్పి, ‘నాకు ట్రమడాల్ రాయొద్దండీ’ అన్నాడట. డెంటిస్టు ఐబుప్రోఫెన్ రాసి పంపించాడు.