హెచ్‌టీ ముద్ర ఉంటే పిల్లల మంచం చేసేయొచ్చా?

"పాత పాలెట్లతో పైసా ఖర్చు లేని ఫర్నిచర్" అనే మెసేజ్ ఈ నెలలో నాకు పదకొండుసార్లు వచ్చింది. పంపినవాళ్లలో ముగ్గురు నాతో కలిసి చెక్క కోసినవాళ్లే. వాళ్లయినా ఒకసారి చదివి పంపి ఉంటే ఇది రాసే పని తప్పేది.

పాలెట్ అంటే గోడౌన్లలో, లారీల్లో సరుకు కింద పెట్టే చెక్క చట్రం. ఆ మెసేజ్‌లో ఉన్నది ఇంతే. హెచ్‌టీ ముద్ర (చెక్కను వేడి చేశారన్న గుర్తు) ఉన్న చెక్క పూర్తిగా సురక్షితం, కడగకుండానే పిల్లల మంచానికీ డైనింగ్ టేబుల్‌కీ వాడొచ్చు. ఎంబీ (మిథైల్ బ్రోమైడ్ అనే పురుగుమందు పొగపెట్టారన్న గుర్తు) అని ఉంటే వెనిగర్‌తో తుడిచి రెండు రోజులు ఎండబెడితే విషం విరిగిపోతుంది. వెనక నుంచి సుత్తితో కొడితే పది నిమిషాల్లో పాలెట్ మొత్తం విడిపోతుంది. రంగు వేసినవి గట్టివి, దొరికితే అవే తెచ్చుకోండి. మరకలుంటే వార్నిష్ రెండు కోట్లు వేయండి.

చిన్నవి ముందు తేల్చేస్తాను. నీలం, ఎరుపు రంగులతో తిరిగే పాలెట్లు చాలావరకు అద్దెకిచ్చే కంపెనీల సొత్తు. గోడౌన్ బయట పడి ఉన్నంత మాత్రాన దిక్కులేనివి కావు. ఇక వార్నిష్ అంటారా, నూనె పీల్చిన చెక్క మీద అది సరిగా పట్టదు. అయిపోయింది.

మేకుల సంగతి రాసినవాళ్లు ఒక్క పాలెట్ కూడా విప్పలేదని నా నమ్మకం. పాలెట్ మేకుకు మరలాంటి మెలికలో, వరసగా రింగులో ఉంటాయి. లోపలికి దిగుతుంది కానీ బయటికి రానంటుంది. బాదితే మేకు అక్కడే ఉండి పలక చివర నిలువునా చీలుతుంది. పలకకీ కింద దూలానికీ మధ్య సందులో ఇనుము కోసే బ్లేడు దూర్చి మేకునే కోసేయడం నయం. కాకపోతే ముక్క చెక్కలోనే ఉండిపోతుంది, అయస్కాంతం తిప్పి వెతుక్కోవాలి. ఒకసారి నేను బద్ధకించి అలాగే చిత్రిక పట్టాను. టక్‌మంది. చూస్తే బ్లేడు అంచున బియ్యపు గింజంత పెచ్చు ఊడింది, ఆ రోజు మిగిలిన ప్రతి పలక మీదా వెంట్రుకంత సన్నగా ఒక గట్టు తేలింది.

ఇక అసలు విషయం, హెచ్‌టీ. గోధుమ కంకి బొమ్మ, రెండక్షరాల దేశం కోడు, తయారు చేసినవాళ్ల నంబరు, పక్కన హెచ్‌టీ అని ఉండే ఆ ముద్ర 2002లో వచ్చిన ఐఎస్‌పీఎం 15 అనే అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం వేసేది. ఒక దేశం పురుగులు చెక్కలో దాక్కుని ఇంకో దేశం అడవుల్లోకి పోకూడదని పెట్టుకున్న నియమం అది. హెచ్‌టీ అంటే చెక్క నడిమధ్య దాకా 56 డిగ్రీల సెల్సియస్ వేడి చేరి, కనీసం 30 నిమిషాలు ఆగకుండా నిలిచింది అని. పురుగు చచ్చింది, అంతవరకే. ఆ తర్వాత పాలెట్ ఎన్ని లారీలెక్కిందో, దాని మీద ఏ డ్రమ్ము కారిందో, కారింది పురుగుమందో పచ్చిమాంసం నీళ్లో ముద్రకు ఎలా తెలుస్తుందండీ? పుట్టగానే టీకా వేయించాం కాబట్టి మావాడికి జన్మలో బురద అంటదు అన్నట్టుంది. పోనీ చెక్క ఎండిందని కూడా అర్థం కాదు. హెచ్‌టీ పాలెట్ లోపల తడిగా ఉండొచ్చు, మీ టేబుల్ తయారయ్యాక అది తీరిగ్గా ఎండి వంకర పోతుంది.

చెక్కలోని రసాయనం పక్క వస్తువుకు అంటుకుంటుందా అని అడిగేవాళ్లకు ఒక్క ఉదాహరణ. 2010 జనవరిలో అమెరికాలో బూజు వాసన వస్తోందని టైలనాల్ అనే నొప్పి మాత్రలు మార్కెట్ నుంచి వెనక్కి తీసుకున్నారు. ప్యాకింగ్ సామాను ఉంచిన చెక్క పాలెట్లకు వాడిన రసాయనం విరిగి పుట్టిన పదార్థమే ఆ వాసనకు కారణమని చెప్పారు. పాలెట్ మీద ఉన్నది ప్యాకింగ్ సామాను, వాసన వచ్చింది మాత్రలకి. మీరేమో దాని మీద పిల్లాణ్ణి చెంప ఆనించి పడుకోబెడతానంటున్నారు, అదీ కడగకుండా!

నా దగ్గరికి వచ్చిన ఒక పలక మీద ముద్ర అచ్చుగుద్దినట్టు స్పష్టంగా ఉంది, పక్కనే అరచేయంత నల్లమరక. రెండు మిల్లీమీటర్లు చిత్రిక పట్టాను. మరక తగ్గకపోగా వెడల్పయింది. శాండ్‌పేపర్ మెషీన్ పెడితే చెక్క వేడెక్కి డీజిల్ కొట్టింది. దాన్ని పారేశాను. ఇప్పటికీ నా పద్ధతి అదే: మరకో, వాసనో, బూజో ఉంటే వదిలేస్తాను. అవేవీ లేకపోయినా, ఎక్కడి నుంచి వచ్చిందో తెలియని పలకతో పిల్లలు నోరు పెట్టేవీ, అన్నం తినేవీ చేయను. షెల్ఫ్ చేసుకోండి, చెప్పులస్టాండు చేసుకోండి, ఎవరు కాదన్నారు?

ఎంబీ దగ్గర మాత్రం నేను కొంచెం తగ్గాలి. ఎంబీ ఉంటే ముట్టుకుంటేనే ప్రమాదమని ఇన్నాళ్లూ అందరినీ భయపెట్టినవాళ్లలో నేనూ ఒకణ్ణి. మిథైల్ బ్రోమైడ్ మామూలు గది వేడికి వాయువు. పొగపెట్టిన కొన్నాళ్లకు చాలావరకు గాల్లో కలిసిపోతుంది. పొగపెట్టే పనివాళ్లకూ, ఓజోన్ పొరకూ అది చేసే చెరుపు పెద్దది, ఓజోన్‌ను కాపాడేందుకు దేశాలు చేసుకున్న మాంట్రియల్ ఒప్పందంలో అది ఉన్నదీ అందుకే. కాబట్టి "ఎండబెట్టండి" అన్న ముక్కలో ఎంతో కొంత నిజం ఉంది, ఒప్పుకుంటున్నాను. వెనిగర్ దేనికో మాత్రం అర్థం కాలేదు. ఎగిరిపోయే వాయువుకు పచ్చడి పెడతారా? అయినా నేను ఎంబీ పాలెట్ ఇంట్లోకి తేను, హెచ్‌టీవి అన్ని దొరుకుతుంటే దాని జోలికెందుకు?

మెసేజ్ చివర "పది మందికి పంపండి" అని ఉంది. మొత్తం మెసేజ్‌లో మీరందరూ అక్షరాలా పాటించింది అదొక్కటే. ఆ పదిమందిలోంచి నా పేరు తీసేయండి.