పాలపిట్టకు మొక్కి మిడతను చంపుతున్నాం

మా ఒడిశాలో రాయగడ నుంచి గునుపూర్ వెళ్లే దారిలో పొద్దుగూకాక బండి ఆపి ఒక్క నిమిషం వినండి. దున్నని మెట్ట వైపు ఇలకోళ్ల రొద. పత్తి చేల వైపు ఏమీ వినపడదు. రాగులు, సామలు పండిన మెట్టల్లోకి పత్తి ఎలా వచ్చిందో, దాని వెనకే కలుపు మందు ఎలా వచ్చిందో మనందరం ఎరిగిందే. ఆ మందు ఖర్చు మాత్రమే లెక్కేసుకున్నాం, మిడతలకు ఏమవుతుందో లెక్కేయలేదు. మిడతల్లో చాలా రకాలు పొట్ట చివరను నేలలోకి దింపి గుడ్లు పెడతాయి. తొలకరి దాకా ఆ గుడ్లకు మట్టే దిక్కు. గట్టు మీది గడ్డి మాడితే తిండి పోయింది, బీడు దున్నితే గుడ్డు పోయింది.

పంట తినే పురుగును కాపాడడమేంటని రైతులు అడుగుతారు. వరి మిడత గట్లలో గుడ్లు పెట్టేమాట నిజమే. దాని ఉధృతి ఉన్న మడిలో గట్టు చెక్కండి, ఎవరూ వద్దనరు. 2020లో విదర్భ దాకా వచ్చి అందరికీ టెన్షన్ పెట్టిన దండు ఎడారి మిడతది. మన గడ్డిలో ఎగిరేవి అవి కావు.

అసలు దండు కట్టే మిడతల్లోనే ఒక జాతి అంతరించిపోయింది, తెలుసా? అమెరికాలో రాకీ పర్వతాల మిడత 1870ల్లో ఆకాశాన్ని కమ్మేసేది. 1902 తర్వాత ప్రాణంతో ఒక్కటీ దొరకలేదు. దాన్ని తుదముట్టించింది మందులు కావు. గుడ్లు పెట్టుకునే లోయల్ని వలస రైతులు దున్నేయడమే ముఖ్య కారణమని శాస్త్రవేత్తలు చెబుతారు. యూరప్‌లో 2016లో మిడతలు, ఇలకోళ్ల జాతులు 1,082 పరిశీలిస్తే నాలుగో వంతుకు పైగా ముప్పులో ఉన్నాయని తేలింది. అంత విస్తారంగా తిరిగిన రాకీ మిడతే నాగలికి పోతే, ఒక్క కొండవాలునే నమ్ముకున్న రెక్కల్లేని మిడత ఎన్నాళ్లుంటుంది?

దసరాకి మనం వెతికే పాలపిట్ట ఒడిశాకూ తెలంగాణకూ రాష్ట్ర పక్షి. దాని కడుపు నిండేది ఎక్కువగా మిడతలు, ఇలకోళ్లు, పేడపురుగుల్లాంటి వాటితోనే. ఆ పిట్ట బాగా తగ్గిపోతోందని 2023లో వచ్చిన దేశ పక్షుల నివేదిక హెచ్చరించింది.

నన్ను ఎక్కువ బాధపెట్టేది మన రికార్డుల్లోని మాటలు. కేంద్రం అచ్చేసే బంజరు భూముల అట్లాస్‌లో పొదలున్న నేల కూడా బంజరే. మా ఒడిశా భూమి రికార్డుల్లో బీడుకు 'పతిత' అని రాస్తారు. పతిత అంటే పడిపోయినది. ఎన్ని ప్రాణాలు బతికే నేలకు ఎంత మాట! ఆ ఒక్క మాటతో నీలగిరి తోట వేయొచ్చు, కంకర తవ్వొచ్చు, ఎవరికైనా రాసివ్వొచ్చు. అక్కడ మేకలు మేపేవాళ్లనూ, కొండ చీపుర్లు కోసుకునే సవర ఆడవాళ్లనూ అడిగే నాథుడుండడు.

అదే రికార్డుల్లో మేత నేలకు 'గోచర్' అనే పేరు కూడా ఉంది. మిగిలిన మెట్టలను ఆ పేరుతో రాయించి, దున్నకం, కలుపు మందు అక్కడికి రాకుండా గ్రామసభలు తీర్మానం చేయాలి. వానలు వెనక్కి తగ్గాక మిడతలు గుడ్లు దింపుతాయి. తీర్మానం ఆలోపే కావాలి.