ఆకాశాన్ని బయట నుంచి గీయడం ఇక ఆపండి

ఖగోళం పాఠం అనగానే పుస్తకంలో ఎప్పుడూ అదే బొమ్మ. పెద్ద గోళం, మధ్యలో చిన్న భూమి, చుట్టూ అడ్డదిడ్డంగా నాలుగైదు వలయాలు, ఒక్కోదానికి ఒక బాణం, ఒక పేరు. ఆ బొమ్మ గీసినవాడు ఎక్కడ నిలబడి గీశాడంటారు? నక్షత్రాలకు అవతల! మనమంతా ఉన్నది లోపల. ఈ పాఠం చాలామందికి బుర్రకెక్కకపోవడానికి సగం కారణం ఆ బొమ్మే అని నా గట్టి నమ్మకం.

ఈ గొడవ ఇప్పటిది కాదు. ఖగోళ గ్లోబుల (నక్షత్రాలు గీసిన గోళాల) మీద రాశులన్నీ అద్దంలో చూసినట్టు తిరగబడి ఉంటాయి, వాటిని బయట నుంచి చూస్తాం కాబట్టి. 1603లో బేయర్ అనే జర్మన్ తన నక్షత్ర పటాల్లో ఆకాశాన్ని మనకు కనిపించినట్టే వేశాడు. ఆ శతాబ్దం చివర్లో వచ్చిన పటాల్లో హెవీలియస్ అనే ఖగోళ శాస్త్రవేత్త మళ్లీ గ్లోబు పద్ధతికే వెళ్లాడు. న్యూయార్క్‌లో 1913లో తెరిచిన గ్రాండ్ సెంట్రల్ స్టేషన్ పైకప్పు మీది ఆకాశం కూడా చాలావరకు తిరగబడే ఉంది. అంత ఖర్చు పెట్టి!

అన్నట్టు, నక్షత్ర పటంలో తూర్పు ఎడమ పక్కన ఉంటే ముద్రణ తప్పని గోల చేసేవాళ్లుంటారు. పటాన్ని నెత్తి మీదికెత్తి, ఉత్తరాన్ని ఉత్తరం వైపు తిప్పి పట్టుకోండి. తూర్పు తూర్పుకే వస్తుంది.

నన్నడిగితే పాఠం నెత్తి మీద నుంచే మొదలవ్వాలి. తలకు సూటిగా పైనున్న బిందువు ఖస్వస్తికం. దానికి ఎదురుగా కాళ్ల కిందిది అధోబిందువు, దాన్ని అక్కడే వదిలేద్దాం. చుట్టూ నేలా నింగీ కలిసేచోట క్షితిజం. ఉత్తరం నుంచి నెత్తి మీదుగా దక్షిణానికి దిగేది మధ్యాహ్న రేఖ. ఇవన్నీ మన సొంతం, ఎక్కడికెళ్తే అక్కడికి మనతోనే వస్తాయి.

తర్వాత ధ్రువం, ఆకాశమంతా దేని చుట్టూ తిరుగుతున్నట్టు కనిపిస్తుందో ఆ బిందువు. ధ్రువ నక్షత్రం దాదాపు అక్కడే ఉంది. చెయ్యి బారుగా చాచి పిడికిలి బిగిస్తే దాని వెడల్పు దాదాపు 10 డిగ్రీలు. 20 డిగ్రీల ఉత్తర అక్షాంశంలో ఉన్నవాళ్లకి ధ్రువ నక్షత్రం క్షితిజానికి రెండు పిడికిళ్ల ఎత్తున ఉంటుంది. ధ్రువం ఎత్తు ఎంతో అక్షాంశం అంత. ఖగోళ మధ్యరేఖ, అంటే భూమధ్యరేఖకు సూటిగా పైన ఆకాశంలో ఊహించుకునే గీత, సరిగ్గా తూర్పున లేచి, ఇదే చోట దక్షిణాన 70 డిగ్రీల ఎత్తుకెక్కి, సరిగ్గా పడమట దిగుతుంది. గీత కనబడదు, నిజమే. కానీ ఒరాయన్ (వేటగాడు) రాశి నడుము మీద వరసగా ఉండే మూడు చుక్కల బెల్టులో అన్నిటికంటే ముందు ఉదయించే చుక్క, మింటకా, దాదాపు ఆ రేఖ మీదే ఉంది. భూమ్మీద ఎవరు చూసినా, ధ్రువాల దగ్గర తప్ప, అది నేరుగా తూర్పునే లేస్తుంది.

ఇక విషువాంశం, నేల మీద రేఖాంశంలాగా ఆకాశంలో ఒక చుక్క తూర్పు పడమరలుగా ఎక్కడుందో చెప్పే కొలత. డిగ్రీలు వదిలేసి గంటల్లో చెప్తారేంటని అందరూ విసుక్కునేది దీని దగ్గరే. అసలు అందం కూడా ఇక్కడే ఉంది. ఆకాశం 23 గంటల 56 నిమిషాలకో చుట్టు తిరుగుతుంది కదా, ఆ చుట్టునే 24 భాగాలు చేశారు. లుబ్ధకుడు (సిరియస్) అనే నక్షత్రం విషువాంశం 6 గంటల 45 నిమిషాలు, చిత్త (స్పైకా) నక్షత్రానిది 13 గంటల 25 నిమిషాలు. ఇప్పుడు లుబ్ధకుడు మీ మధ్యాహ్న రేఖ దాటుతుంటే, ఇంకో 6 గంటల 40 నిమిషాలకు చిత్త దాటుతుంది, తేడా ఒకటో రెండో నిమిషాలు. గోళం బొమ్మ చూసి ఈ సంగతి ఎవరికైనా తడుతుందా?

క్రాంతివృత్తాన్ని మాత్రం చివర్లో చెప్పాలి. సూర్యుడు ఏడాది పొడవునా నడిచే దారి అది, మధ్యరేఖకు 23.4 డిగ్రీలు వాలి ఉంటుంది. చంద్రుడూ గ్రహాలూ ఆ దారి పక్కపక్కనే తిరుగుతాయి. క్రాంతివృత్తం, ఖగోళ మధ్యరేఖ ఖండించుకునే చోట్లలో ఒకటైన వసంత విషువత్తు నుంచే విషువాంశం లెక్క మొదలు. ఆ బిందువు కూడా ఒకచోట ఆగదు. దాదాపు 26 వేల ఏళ్లకో చుట్టు చొప్పున జరుగుతూ, ఇప్పుడు మీనంలో ఉంది. అందుకే నక్షత్రాల జాబితాల్లో లెక్క ఏ సంవత్సరానిదో, 2000దని, రాస్తారు.

ఫోన్ యాప్ ఇవన్నీ గీసి చూపిస్తుందిగా అంటారు. చూపిస్తుంది, కాదనను. కానీ అర చేతిలో పట్టే తెర మీద 70 డిగ్రీలంటే మెడ ఎంత ఎత్తాలో తెలియదు. పరీక్షలో "క్రాంతివృత్తాన్ని నిర్వచించుము" అని అడగడం మానేసి, పిల్లల్ని రాత్రి బయటికి పిలిచి మధ్యాహ్న రేఖ ఎటు పోతుందో వేలితో గీసి చూపించమనండి. మార్కులు దానికివ్వండి.