రంగస్థల డిగ్రీలో చదువుకు మిగిలే వేళ ఎంత?

రంగస్థల కళల్లో డిగ్రీ చేయాలనుకునే విద్యార్థులు మొదట కళాశాల పేరు చూస్తారు, ఆ తర్వాత అక్కడ చదివి పైకి వచ్చిన నటులెవరో చూస్తారు. వారం టైమ్‌టేబుల్ అడిగి తెలుసుకునేవారు అరుదు. నా దృష్టిలో అన్నిటికంటే ముందు చూడవలసింది అదే.

అమెరికా విశ్వవిద్యాలయాల్లో బీఎఫ్ఏ (బ్యాచిలర్ ఆఫ్ ఫైన్ ఆర్ట్స్) డిగ్రీలో సుమారు మూడింట రెండు వంతులు నటన, వాచికం (మాట పలికే తీరు), ఆంగికం (శరీర కదలికలు) వంటి శిక్షణకే పోతుంది. బీఏలో చరిత్ర, సాహిత్యం, మనస్తత్వశాస్త్రం వంటి వాటికి అంతకంటే చాలా ఎక్కువ చోటు ఉంటుంది. అయితే డిగ్రీ పేరును నమ్ముకోవడానికీ లేదు. 1904లో ఏర్పడిన లండన్‌లోని నాటక శిక్షణ సంస్థ రాడా (రాయల్ అకాడమీ ఆఫ్ డ్రమాటిక్ ఆర్ట్) నటనలో ఇచ్చే బీఏ నిజానికి మూడేళ్ల పూర్తికాల శిక్షణ. పగలు తరగతులు, రాత్రి పొద్దుపోయేదాకా రిహార్సల్స్ సాగే చోట ప్రదర్శన వారమూ పరీక్షల వారమూ ఒక్కటైతే వెనకబడేది చదువే.

ఇది చిన్న నష్టం కాదు. ఒక పాత్ర ఎందుకు మౌనం వహించిందో, ఆ కాలపు ఏ కట్టుబాటు ఆమె నోరు నొక్కిందో తెలియని నటి ఎంత గొంతు సాధన చేసినా సంభాషణను అప్పజెప్పగలదు గానీ పలికించలేదు. అలాగని పుస్తకాలే చాలవు. శ్వాస, గొంతు, నడక రోజూ సాధన చేస్తేనే లొంగుతాయి, వారానికి రెండు తరగతులతో రావు.

ఈ రెండింటినీ ఒకే డిగ్రీలో ఇరికించాలన్న నియమమేమీ లేదు. 1959లో మొదలైన ఢిల్లీలోని జాతీయ నాటక విద్యాలయం (ఎన్ఎస్‌డీ) తన మూడేళ్ల డిప్లొమాకు ముందే డిగ్రీని, నాటకానుభవాన్ని కోరుతుంది. బీఏ చేసి ఎంఎఫ్ఏకు (మాస్టర్ ఆఫ్ ఫైన్ ఆర్ట్స్) వెళ్లే దారిలోనూ చదువు ముందు, పూర్తికాల శిక్షణ తర్వాత. 17, 18 ఏళ్ల వయసులో నటన తప్ప మరేదీ వద్దని గట్టిగా చెప్పలేని వారికి ఈ క్రమమే మేలని నా అభిప్రాయం. పైగా బీఎఫ్ఏ నుంచి బీఏకు మారడం సాధారణంగా సులువే గానీ, బీఏ నుంచి బీఎఫ్ఏకు రావాలంటే చాలాచోట్ల ఆడిషన్ ఇవ్వక తప్పదు.

బీఏ వారికి ప్రధాన పాత్రలు దక్కుతాయా, మొదటి ఏడాది వారిని వేదిక ఎక్కనిస్తారా అన్నవి చేరకముందే అడగాలి. అడగవలసింది అక్కడి మూడో ఏడాది విద్యార్థులను. గత సెమిస్టర్‌లో పాఠ్యాంశంగా ఇచ్చిన నాటకాల్లో ఎన్నింటిని చివరిదాకా చదవగలిగారో కూడా వారినే అడగాలి.